బూడిదరంగు చిలకలకు కాపలా

విమానం దిగేసరికి వాన. కాంగో తూర్పున, అడవి అంచున మట్టి రన్‌వే. మా తమిళనాడులో తేని పక్క నల్లరేగడి వానకు బూటును పట్టుకుని వదలదు. అక్కడి ఎర్రమట్టి కాలు నిలవనివ్వదు. హవల్దారుగా ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో నాకు అదే మొదటి డ్యూటీ. నీలి హెల్మెట్, తెల్లరంగు కవచ వాహనం. దాని పైన మెషిన్‌గన్ దగ్గర నా చోటు. డ్రైవరు కోయంబత్తూరు దగ్గరి సూలూరు పక్కవాడు, మా భాషవాడే. హెడ్‌సెట్‌లో ఇద్దరం ఇంటి తెలుగే మాట్లాడుకునేవాళ్ళం.

వానలు తగ్గాక ఒక ఉదయం కమాండర్ పిలిచాడు. అడవి జంతువుల దొంగరవాణాను ఆపడానికి కొన్ని దేశాల ప్రభుత్వాలు చేతులు కలిపాయనీ, వాళ్ళ అధికారులు సరిహద్దు దగ్గర ఒక లారీని పట్టుకున్నారనీ చెప్పాడు. లారీ నిండా బూడిదరంగు చిలకలు. మనిషి మాటను అచ్చంగా పలికే జాతి. వాటిని రన్‌వే దాకా చేర్చాలి. అంతకుముందు ఇలాంటి లారీ వెంట వెళ్ళిన ఫారెస్టు గార్డులు తిరిగి రాలేదు. ఆర్డరు ఒక్కటే: ఆ దొంగలు కాలిస్తేనే మనం కాల్చాలి.

మా వెనక చిలకల లారీ. అందులో ఒక ఫారెస్టు గార్డు, పొడుగాటి ఆడమనిషి. బయలుదేరే ముందు ప్రతి పెట్టె మీదా నీళ్ళు చిలకరించింది.

దారి సన్నం. ఇరుపక్కలా వెదురు. పదిన్నరకు వాగు దాటాం. మలుపు తిరగగానే బండి ఆగింది.

"అణ్ణా, ముందర మాను పడి ఉండాది," అన్నాడు డ్రైవరు. కొంచెం ఆగి, "పడిన మాను కాదు అణ్ణా. కోసినారు. రంపపు పొట్టు ఇంకా తెల్లగా ఉండాది."

తుపాకిని వెదురు వైపు తిప్పాను. వెదురులో ఎవరూ కనపడలేదు. అదే ఎక్కువ భయం. ఎవరు గురిపెట్టినా మొదట దొరికేది నా తలే.

లారీలోంచి ఆమె దిగింది. రెండు చేతులూ పైకెత్తి, వెదురు వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో పిలిచింది. జవాబుగా ఒక్క గుండు. ఆమె కూలబడింది. తర్వాత మా ఇనుము మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు.

నేనూ కాల్చాను. మనుషులు కనపడలేదు. వెదుళ్ళు విరిగి పడడమే కనపడింది.

"వెనక్కి పోలేము అణ్ణా. మానును తోసుకొని పోదునా?"

"ఆ అమ్మను ఎక్కించనీ. ఆనక పో. నిలపొద్దు."

మాతో ఉన్న సిపాయిలిద్దరు పాకుతూ వెళ్ళి ఆమెను మా బండిలోకి లాగారు. డ్రైవరు తోశాడు. మాను దొర్లింది. లారీ ఊగుతూ మా వెనకే వచ్చింది.

గుండు ఆమె భుజంలోంచి దూసుకుపోయింది. బతికింది. రన్‌వే దగ్గర పెట్టెలు దించితే చాలా చిలకలు చచ్చి ఉన్నాయి. మిగిలినవి విమానం ఎక్కాయి.

నా గడువు ముగిశాక మదురైలో దిగి బస్సు పట్టాను. భోజనాల దగ్గర మా ఆవిడ తమ్ముడు అడిగాడు. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే.

"చిలకల కోసరమా బావా, పట్టాళం పోయింది?"

అవునన్నాను.

ఆ రోజు మాను దొర్లినప్పుడు నేను వెనక్కి చూశాను. లారీ మీదనుంచి ఒక పెట్టె పడి పగిలింది. ఒక చిలక బయటికి వచ్చింది. రెక్కల ఈకలు కత్తిరించేసి ఉన్నాయి. ఎర్ర తోకను బురదలో ఈడ్చుకుంటూ, దారి నడుమ, తుపాకులు పేలుతున్న వెదురు వైపే నడుచుకుంటూ పోతోంది.