పసుపు అంటిన కార్డు

మా బావకు ఊపిరితిత్తిలో క్యాన్సర్ అని తేలిన తర్వాత, కరీంనగర్ ఆస్పత్రిలో రేడియేషన్ డాక్టరమ్మ మొదట అడిగింది జబ్బు గురించి కాదు. "పేస్‌మేకర్ ఉంది కదా, దాని కార్డేది?" అంది.

అక్క సంచిలోంచి తీసి ఇచ్చింది. అట్టంతా పసుపు. కంపెనీ పేరు, నంబరు చేత్తో రాసిన చోట సిరా పాకిపోయి, దాని మీద కుంకుమ బొట్టు ఎండి ఉంది.

"ఇదేంటమ్మా?"

"దసరకు పూజ జేసిన మేడం. సాంచలకు, మోటార్లకు బొట్టు వెడ్తం గద. ఈయన లోపట ఉన్నది గుడ మిషనే అన్నరు. దానికేడ వెట్టాలె? గందుకే కార్డుకు వెట్టిన. నాలుగేండ్ల సంది గట్లనే."

బావ బతుకంతా సిరిసిల్లలో సాంచల మధ్యే, అంటే మరమగ్గాల మధ్యే గడిచింది. ఆ ఇంట్లో నడిచే ప్రతి యంత్రానికీ దసరా ఉంటుంది. డాక్టరమ్మ నవ్వలేదు. గడ్డ ఎడమవైపు పైభాగంలో ఉందనీ, పేస్‌మేకర్ దానికి జానెడు దూరంలోపే ఉందనీ చెప్పింది. కిరణాలు యంత్రం మీద నేరుగా పడకూడదు. పక్కనుంచి సోకే కిరణాలను యంత్రం ఎంతవరకు తట్టుకుంటుందో, అది ఏ రకమో తెలిస్తేనే చెప్పగలరు. పైగా బావ గుండె ఆ యంత్రం లేకుండా సరిగా కొట్టుకోదు.

"వివరాలు లేకుండా మొదలుపెట్టలేను. అలాగని ఆలస్యం చేసే జబ్బూ కాదు" అంది.

బయట బల్ల మీద కూర్చున్నాక అక్క ఏడ్చింది. "నేనే పాడుజేసిన తమ్మి."

బావ దగ్గు ఆపుకొని, "పాడైంది కార్డు, నేను గాదు. ఊకోవే" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు కోరుట్ల నుంచి పత్రికకు వార్తలు పంపాను. ఎవరు ఎక్కడ చనిపోయినా పేరు, వయసు, ఊరు తప్పు పోకుండా రాసుకున్నాను. బావ కార్డు మీది నంబరు మాత్రం ఒక్కసారీ రాసిపెట్టుకోలేదు.

పేస్‌మేకర్ వేసింది హైదరాబాద్‌లోనైనా, ఏటా పరీక్ష చేసేది జగిత్యాలలో నాకు పరిచయమున్న గుండె డాక్టరు. మర్నాడు పొద్దున్నే అక్కడికి పోయాను. పాత కాగితాలన్నీ మేడ మీది గదిలో మూటలు కట్టి ఉన్నాయి. కాంపౌండరు తాళం తీసి, "పేపరోళ్లకు ఎతుకుడు అలవాటే గద సారూ. కూసొని ఎతుకుర్రి. చాయ్ వంపిస్త" అన్నాడు. చాయ్ రాలేదు. వాన కురుస్తూనే ఉంది. అందరి గుండెల కాగితాలూ ఒకేలా ఉన్నాయి. వెలుతురు తగ్గే వేళకు బావ ఫైలు దొరికింది. వెనక పేజీలో ఒక చిన్న స్టిక్కరు. దాని మీద కంపెనీ పేరు, మోడల్, నంబరు. అన్నీ అచ్చులో ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో తీశాను. అయినా నమ్మకం చాలక, నోటుబుక్కులో ఒక్కో అక్షరం రాసి రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆ వారమే కంపెనీ మనిషి వచ్చి, ఒక పరికరం బావ ఛాతీకి ఆనించి యంత్రాన్ని పరీక్షించాడు. రేడియేషన్ మొదలైంది. ఆరు వారాలు, ఆదివారం తప్ప రోజూ సిరిసిల్ల నుంచి బస్సు. నేను ప్రతి ఆదివారం సాయంత్రం కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా వాళ్లింటికి చేరి, వారమంతా అక్కడే ఉండేవాణ్ని. మందపాటి తలుపు వెనక బావ ఒక్కడే పడుకునేవాడు. బయట టెక్నీషియన్ టీవీలో అతన్నీ, పక్కన గుండె గీతనూ చూస్తూ ఉండేవాడు. వారానికోసారి పేస్‌మేకర్‌ను మళ్లీ పరీక్షించేవారు.

"సాంచ ఆగితే చప్పుడు వడిపోతది, తెలుస్తది" అనేది అక్క. "గిది ఆగితే ఎట్ల తెలుస్తది తమ్మి?"

"టీవీల చూస్తనే ఉన్నరక్కా."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగో వారానికి ఆమె అడగడం మానేసింది. ఇద్దరం తలుపు మీది ఎర్రలైటు చూస్తూ కూర్చునేవాళ్లం.

చివరి పరీక్షలో పేస్‌మేకర్‌కు ఏమీ కాలేదన్నారు. గడ్డ సంగతి మూడు నెలల తర్వాతి స్కాన్‌లో తెలుస్తుందన్నారు. కొత్త కార్డు వచ్చింది. బావ దాన్ని నా చేతిలో పెట్టి, "నీ కాడనే ఉంచు బామ్మర్దీ. మీ అక్కను నమ్మొద్దు" అన్నాడు.

పది రోజులకే దసరా. అక్క సాంచలకు, మోటార్లకు, కత్తెరకు వరసగా బొట్లు పెడుతూ వచ్చి, కుర్చీలో ఉన్న బావ ముందు ఆగింది. తెరిచిన అంగీ కింద చర్మం కమిలి నల్లబడి ఉంది. దాని మీద పసుపు, నూనె, పౌడరు ఏదీ పూయొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. అక్క తడి పసుపు వేలితో అట్లాగే నిలబడింది.

"ఏం జూస్తున్నవే? నడుస్తనే ఉంది" అన్నాడు బావ.

ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. అరచేతిని అతని ఛాతీకి తాకకుండా, కొంచెం దూరంలో కాసేపు పట్టి ఉంచింది. తర్వాత పళ్లెం తీసుకొని లోపలికి పోయింది.