సంతోషాన్ని చూసి భయపడ్డ రోజులు

ఆ సోమవారం పొద్దున నేను పదకొండో అంతస్తులో, ప్యాంట్రీ గుమ్మం దగ్గర నిలబడిపోయాను. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవర్‌లో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. ఉద్యోగులు వచ్చేలోపు నాలుగు అంతస్తులు తిరిగి, అంతా శుభ్రంగా ఉందో లేదో చూసి చెక్‌లిస్టులో టిక్కులు పెట్టాలి. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే. అప్పుడే తుడిచిన నేల తడిగా ఉంది. ఎవరూ జారిపడకుండా అక్కడ పసుపు రంగు బోర్డు పెట్టించాలి. అది నాకు తెలుసు. కానీ ఎవరిని పిలవాలో, ఏమని చెప్పాలో తోచలేదు. చేతిలో కాగితం మీద అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు.

మా టీములో అందరికంటే పెద్దావిడ యాదమ్మ వచ్చి, "ఏమైంది మేడం? పానం మంచిగ లేదా?" అంది. "ఏం లేదు" అన్నాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. గడియారం చూస్తే ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. నాకు ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. అదే వింతగా అనిపించింది.

అసలు అంతకు రెండు నెలల ముందు నుంచే ఏదో మొదలైంది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టు ఉండేది. బాచుపల్లి హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కీర్తన ఫోన్ చేస్తే, ఎప్పుడు పెట్టేస్తుందా అని చూసేదాన్ని. తర్వాత నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కన్నకూతురు మాట్లాడుతుంటే వినబుద్ధి కాని తల్లి ఉంటుందా అని.

మా ఇంటి దగ్గరి డాక్టరు థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలన్నీ రాశాడు. రిపోర్టులు చూసి, "అన్నీ నార్మలే అమ్మా. స్ట్రెస్ తగ్గించుకోండి" అన్నాడు. మా ఆయన నర్సింహ ఆఫీసు బస్సు నడుపుతాడు. మంచి మనిషి. కానీ ఆయనకూ అర్థం కాలేదు. "ఇల్లుంది, పనుంది, పిల్ల మంచిగ చదువుకుంటుంది. ఇంకేం తక్కువైంది సుజాతా?" అనేవాడు. నాకూ అదే ప్రశ్న. జవాబు దొరక్క సిగ్గుపడేదాన్ని.

నాది జబ్బు అని నాకు తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో మనసుకు సంబంధించిన జబ్బు అంటే మా తమ్ముడు శ్రీధరే. గోపన్‌పల్లిలో బైకుల మెకానిక్ షెడ్డు వాడిది. పదేళ్ల కింద ఒక వారం పాటు వాడు రోజుకు రెండు గంటలు కూడా పడుకోలేదు. అయినా అలసట లేదు. గడగడా మాట్లాడేవాడు. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాటలోకి దూకేవాడు. పెట్రోలు అక్కర్లేని ఇంజను కనిపెట్టానని చెప్పి, రిపేరుకు వచ్చిన పద్నాలుగు బైకుల్ని ఒక్క రోజులో విప్పి నట్లూ బోల్టులూ అన్నీ ఒకే కుప్ప పోశాడు. వద్దన్న వాళ్లందరూ వాడికి శత్రువులయ్యారు. హాస్పిటల్‌లో చేర్పించాం. తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు. అప్పుడే మేం బైపోలార్ డిజార్డర్ అనే పేరు విన్నాం. వాడు అప్పటి నుంచి లిథియం వేసుకుంటున్నాడు. షెడ్డు మళ్లీ నడుస్తోంది, పెళ్లీ అయింది.

కాబట్టి నా లెక్క ఏమిటంటే, జబ్బంటే తమ్ముడిలా ఉండాలి. నేను అలా లేను. అంటే నాది జబ్బు కాదు, ఒళ్లు బద్ధకం.

ఒక ఆదివారం శ్రీధర్ చికెన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను ఆపేసిన టీవీ ముందు, రిమోట్ పట్టుకుని కూర్చుని ఉన్నాను. వాడు కాసేపు నన్నే చూసి, పక్కన కూర్చున్నాడు.

"అక్కా, పొద్దుగాల ఎన్ని గంటలకు మెలకువొస్తుంది?"

"మూడున్నర, నాలుగు."

"సాయంత్రానికి జర నయమనిపిస్తుందా?"

"కొంచెం. నీకెట్ల తెలుసు?"

"నేను మంచం పట్టినప్పుడు గిట్లనే ఉండె. రేపు దవాఖానకు పోదాం పా."

"నాకెందుకురా? నీలెక్క నేనెన్నడన్నా ఎగిరిన్నా?"

"ఎగరకున్నా కింద పడొచ్చక్కా" అన్నాడు వాడు.

నాకు హాస్పిటల్‌కు పోయే ఓపిక కూడా లేదు. "నీ గోలీలే రెండియ్యిరా, వేసుకుంట" అన్నాను. వాడి ముఖం మారిపోయింది. "మజాక్ చేస్తున్నవా? నా గోలీకి కొన్ని నెలలకోసారి రక్తం టెస్టులు చేయించుకుంట. నా మందు నీది కాదు, నీ మందు నాది కాదు" అన్నాడు. మర్నాడు షెడ్డు మూసి, మా ఆయనతో కూడా సెలవు పెట్టించి, ఇద్దరూ కలిసి నన్ను గచ్చిబౌలిలో వాడు చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆమెది కోస్తా వైపు. నెమ్మదిగా మాట్లాడుతుంది. నా మాటలన్నీ విన్నాక ఒక ప్రశ్న అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా అండి?"

"చావాలని కాదు మేడం. పడుకున్నదాన్ని పొద్దున లేవకుంటే బాగుండు అనిపిస్తది."

ఆ మాట నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు. మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు. డాక్టరమ్మ ఏమాత్రం కంగారుపడకుండా, "చెప్పి మంచి పని చేశారు. ఈ ఆలోచన ఎక్కువైతే ఏ సమయమైనా సరే మీవాళ్లకు చెప్పి ఇక్కడికి వచ్చేయండి" అంది.

తర్వాత ఆమె నన్ను వదిలేసి మా ఆయన్నీ, శ్రీధర్‌నీ అడగడం మొదలుపెట్టింది. "ఈవిడ ఎప్పుడైనా వరుసగా నాలుగైదు రోజులు చాలా తక్కువ నిద్రపోయి కూడా హుషారుగా ఉన్నారా? అవసరం లేనంత మాట్లాడటం, పెద్ద పెద్ద ప్లాన్లు వేయడం, ఊరికే కోపం తెచ్చుకోవడం? పెళ్లికి ముందు? కాన్పు తర్వాత?" ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. మా ఆయన కాన్పు నాటి సంగతులు కూడా గుర్తుచేసుకున్నాడు. అలాంటిదేమీ లేదన్నారు.

"పైకి చూస్తే మీ తమ్ముడి జబ్బులోనూ, ఒట్టి డిప్రెషన్‌లోనూ ఈ కుంగుబాటు ఒకేలా ఉంటుందండి" అంది డాక్టరమ్మ. "ఈరోజు మిమ్మల్ని ఒక్కర్నే చూసి ఏదో చెప్పలేను. అందుకే జీవితమంతా అడుగుతాను. మీ తమ్ముడికి రెండు వైపులా ఉంది, హుషారు మితిమీరే మేనియా, కుంగదీసే డిప్రెషన్. మీకు ఇంతవరకు ఒక్క వైపే కనిపిస్తోంది. దీన్ని యూనిపోలార్ డిప్రెషన్ అంటాం. పేరు కోసం కాదు నేనింత అడిగింది, మందు కోసం. బైపోలార్ ఉన్నవాళ్లకు ఒట్టి యాంటీడిప్రెసెంట్ ఇస్తే కొందరికి మూడ్ పైకి తన్నేస్తుంది. అందుకని వాళ్లకు మీ తమ్ముడు వేసుకునే లిథియం లాంటి మూడ్ స్టెబిలైజర్ ముఖ్యం. మీకు యాంటీడిప్రెసెంట్ మొదలుపెడతాను. కానీ తమ్ముడికి ఉంది కాబట్టి మిమ్మల్ని కాస్త దగ్గర నుంచి చూస్తుంటాం. మీవాళ్లు కూడా గమనిస్తూ, తేడా కనిపిస్తే నాకు ఫోన్ చేయాలి."

మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం, నోరెండిపోవడం తప్ప ఏమీ జరగలేదు. కౌన్సెలింగ్ చేసే అమ్మాయి రోజుకు ఒక్క పని చెప్పేది. స్నానం చేసి పది నిమిషాలు కిందికి దిగి రావడం, అంతే. ఒక్కోరోజు అదే కొండంత పనిగా ఉండేది. మా మేనేజర్ రెండు నెలలు సెలవు ఇచ్చాడు.

ఐదో వారం దాటాక, ఒక గురువారం పొద్దున ఆకలితో లేచాను. కడుపు కాలుతోంది! ఎన్ని నెలలైందో ఆ మాట అనుకుని. సర్వపిండి చేసుకుని వేడివేడిగా తిన్నాను. కారం కారంగా, నూనె వాసనతో ఎంత బాగుందో చెప్పలేను. కిటికీ కర్టెన్లు దుమ్ముపట్టి ఉంటే అన్నీ దించి ఉతికాను. కీర్తనకు నేనే ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. యాదమ్మకూ చేశాను. మల్లెపూలు కొని పెట్టుకున్నాను. సాయంత్రం మా ఆయన తలుపు తీసేసరికి నేను కుర్చీ ఎక్కి, పాట పాడుతూ కర్టెన్లు తగిలిస్తున్నాను.

ఆయన ముఖంలో రక్తం లేదు. బాల్కనీలోకి వెళ్లి గొంతు తగ్గించి ఫోన్‌లో అన్న మాట నాకు వినిపించింది. "బామ్మర్దీ, మీ అక్క నీలెక్కనే చేస్తుంది. పాటలు పాడుతుంది. నాకు పరేషానైతుంది."

పాట ఆపి కుర్చీ దిగాను. పద్నాలుగు బైకుల కుప్ప కళ్లముందు కనపడింది. నేనూ అలా అవుతున్నానా? మందు నన్ను పైకి తన్నిందా? శ్రీధర్ ఫోన్‌లోనే, "బావా, ఊకె భయపడకు. పడుకుంటుందా లేదా చూడు, రేపు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యండి" అన్నాడట. నేను చేస్తానని మా ఆయనతో చెప్పాను. చేయలేదు. చేస్తే హాస్పిటల్‌లో చేర్చుకుంటారేమోనని భయం. మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా గోలీ ఆపేశాను.

ఆ తర్వాత నా మీద నేనే కాపలా కాశాను. నవ్వొస్తే పెదవి కొరుక్కునేదాన్ని. కీర్తన ఏదైనా జోకు వేస్తే మాట మార్చేదాన్ని. వారం తిరగకుండానే, మందు ఉన్నట్టుండి ఆపినందుకేమో, కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝుమ్మనడం మొదలైంది. అవి తగ్గాయనుకునేసరికి పాత గడ్డి రుచి వచ్చేసింది. మళ్లీ తెల్లవారుజాము మెలకువలు. మళ్లీ పొద్దున లేవకుంటే బాగుండన్న ఆ ఆలోచన. సెలవు అయిపోయి పనిలో చేరిన మూడో రోజే ఇంటికి వచ్చేశాను.

శ్రీధర్ వచ్చాడు. వస్తూనే మందుల డబ్బా తీసి చూశాడు. స్ట్రిప్పులు నిండుగా ఉన్నాయి.

"ఎన్ని దినాలైంది బంద్ చేసి?"

చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. వాడు అరుస్తాడనుకున్నాను. డబ్బా మూసి నా ఒళ్లో పెట్టాడు.

"నేను గూడ ఒకసారి బంద్ చేసిన, యాదుందా? రెండోసారి అడ్మిట్ అయింది గందుకే. నీకు నా భయం పట్టుకుంది అక్కా." తర్వాత అడిగాడు, "కర్టెన్లు పిండిన దినం ఎన్నింటికి పండుకున్నవ్?"

"నడుము నొప్పి పుట్టి తొమ్మిదింటికే పడుకున్నా. ఆరింటిదాకా సోయి లేదు."

"మరి ఇగ ఏందే! నాకు నడుము నొప్పి రాదు. నాకు నిద్ర రాదు. నేనైతే మీ కర్టెన్లు అయిపోంగనే పై ఫ్లోరోళ్లవి గుంజుకొచ్చి పిండుతుంటి. వాళ్లు వద్దంటే కొట్లాడుతుంటి."

నాకు నవ్వొచ్చింది. అంత బరువులోనూ వచ్చింది. మా ఆయన కూడా నవ్వి, వెంటనే తప్పు చేసినవాడిలా, "నేనే బెదరగొట్టిన" అన్నాడు.

మర్నాడు ముగ్గురం మళ్లీ వెళితే డాక్టరమ్మ తిట్టలేదు. "మీరు గమనించడం తప్పు కాదండి, గమనించమని చెప్పింది నేనే. గమనించి నాకు ఫోన్ చేయకపోవడమే పొరపాటు. చాలా నెలల తర్వాత ఆకలేసి, ఇల్లు సర్దుకుని, అలిసిపోయి నిద్రపోయారు. అది కోలుకోవడం. మేనియాలో నిద్ర తగ్గుతుంది, నిద్ర అవసరమే తగ్గుతుంది. రోజుల తరబడి అలాగే పెరుగుతూ పోతుంది. ఒక్క గురువారంతో ఆగదు" అంది. మా ఆయన వైపు తిరిగి, "మీ ఆవిడ పాడితే వినండి. ఆ రాత్రి నిద్రపోయారో లేదో మాత్రం రాసిపెట్టండి" అంది.

మళ్లీ చిన్న డోసుతో మొదలుపెట్టాం. ఒక నోటుబుక్కులో రోజూ రెండే గడులు: ఎన్ని గంటల నిద్ర, ఒంట్లో ఓపిక ఎంత. ఒక గడి నేను నింపేదాన్ని, ఒకటి మా ఆయన. మొదట్లో ఆయన "మంచిగుంది" అని మాత్రమే రాసేవాడు. పోనుపోను "పొద్దున ఆరున్నర దాక పండుకుంది, చాయ్ నేనే పెట్టిన" అనేదాకా వచ్చాడు. రెండోసారి కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో నాలుగైదు చెడ్డ రోజులు వచ్చాయి. చెడ్డ రోజు వచ్చినంత మాత్రాన జబ్బు మొత్తం తిరిగొచ్చినట్టు కాదని కూడా అప్పుడే తెలిసింది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. అదే టవర్‌లో పని చేస్తున్నాను. డోసు సగానికి తగ్గింది. పూర్తిగా ఎప్పుడు ఆపాలో, ఆపాలో లేదో డాక్టరమ్మ, నేను కలిసి చూసుకుంటాం. తొందర లేదు. ఇంతవరకు మేనియా లాంటిదేదీ రాలేదు. వస్తే ఏం చేయాలో మాకు తెలుసు, అది చాలు. శ్రీధర్ లిథియం రక్తపరీక్ష ఉన్నప్పుడు నా చెకప్ కూడా అదే రోజు పెట్టించుకుంటాను. ఒకే చోట కూర్చుంటాం, ఒకే డాక్టరమ్మను చూస్తాం, వేర్వేరు చీటీలు పట్టుకుని వస్తాం. దారిలో చెరుకు రసం తాగుతాం. లిథియం వల్ల వాడు నీళ్లు బాగా తాగాలి, సీసా నేను మోస్తాను. పోయిన నెల మా ఆడపడుచు కొడుకు పెళ్లి బరాత్ ఊరేగింపులో కాళ్లు నొప్పులు పుట్టేదాకా ఆడాను. మా ఆయన నా పక్కనే ఆడాడు. ఆయనకు ఆట రాదు, అయినా ఆపలేదు.

ఇది చదువుతున్నవాళ్లకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. మొదటిసారి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. మిమ్మల్ని పదేళ్లుగా చూస్తున్న మనిషిని ఒకరిని తీసుకెళ్లండి. మంచంలో ఉన్నప్పుడు మనకు మన మంచి రోజులు గుర్తుండవు, హుషారులో ఉన్నప్పుడు అది జబ్బని తోచదు. మీ కుటుంబంలో ఎవరికి ఏ జబ్బు ఉందో, ఇంట్లో ఎవరూ పైకి అనని జబ్బు పేరైనా సరే, ఆ గదిలో చెప్పండి. డాక్టరు ఏ మందు ఇవ్వాలన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉండొచ్చు. నా విషయంలో నన్నెరిగిన ఆ మనిషి, ఆ జబ్బున్న మనిషి ఇద్దరూ మా తమ్ముడే కావడం నా అదృష్టం.