బావ ఆయ్ అన్నాడట

హైదరాబాదులో ఎవరైనా "మీ కోనసీమవాళ్ళు మాటకి ముందు ఆయ్, మాటకి వెనక ఆయ్ అంటారటగా, అంటే ఏమిటి?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగేది తెలుసుకోవడానికి కాదు, నవ్వుకోవడానికి. ఆయ్ అంటే అవునని అర్థం. సరేనని అర్థం. మీరు చెప్పేది వింటున్నాను, కానివ్వండి అని కూడా అర్థం. ఒక్కోసారి, పెద్దవారు మీకు ఎదురు చెప్పలేను, నన్నింతటితో వదిలేయండి మహాప్రభో అని అర్థం. ఏది ఏ ఆయ్ అన్నది మొహం చూసి పోల్చుకోవాలి. మా నాన్న మొహం చూడలేదు. అందుకని నాకూ మా బావకీ పెళ్ళి కుదిరిపోయింది.

బావంటే మా మేనత్త కొడుకు. వాళ్ళది బండారులంక. మామయ్య మస్కట్‌లో డ్రైవరు. అత్తయ్య ఇంట్లోనే మగ్గం మీద చీరలు నేసేది. మాది అమలాపురం. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను, బావ కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాడు. ప్రతి ఆదివారం మామయ్యతో మాట్లాడటానికి గడియార స్తంభం దగ్గరున్న నెట్ సెంటరుకి వెళ్ళేవాళ్ళం. కెమెరాలో ఆయన మొహం చూడొచ్చని అత్తయ్య జడ వేసుకుని, పువ్వులు పెట్టుకుని మరీ వచ్చేది. మామయ్యకి డ్యూటీ దిగేసరికి ఎప్పుడూ ఆలస్యమే. నేనూ బావా ముందుగా వెళ్ళి కంప్యూటరు పట్టుకుంటే, అత్తయ్య బజారు పని చూసుకుని నింపాదిగా వచ్చేది. ఆ మధ్యలో మాకు దొరికేదే వీడియోల సమయం.

చూడటమంటే ఇప్పట్లా వేలితో గీకి అవతలకి తోసేయడం కాదు. పిల్లి టీవీ మీద నడుస్తూ ఉంటుంది. కాలు జారబోతుంది. ఆగిపోతుంది. తెర మధ్యలో చక్రం గిర్రున తిరుగుతుంది. పిల్లి గాల్లో, మేము కుర్చీల్లో. "ఇప్పుడు పడిపోద్ది చూడు" అనేవాడు బావ. "పడదు, కర్టెన్ పట్టుకుంటుంది" అనేదాన్ని నేను. అది పడేలోపు మేమే నవ్వి నవ్వి సగం చచ్చేవాళ్ళం. పడ్డాక నవ్వొచ్చేది కాదు. అప్పటికే అయిపోయేది కదా. బావ నవ్వితే చెవులు ఎర్రబడిపోతాయి, రెండు చేతులతో మొహం కప్పేసుకుంటాడు. బయట ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు ఆయ్ తప్ప ఇంకో మాట పలకని మనిషి, ఆ ప్లైవుడ్ గదిలో కడుపు పట్టుకుని దొర్లేవాడు.

నెట్ సెంటరాయన మొదటి ఆదివారమే నిలదీశాడు. "ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే క్యాబిన్లో కూచుంటామంటే కుదరదండీ. మీరు ఏమవుతారండీ?"

"మా బావండీ" అన్నాను.

ఇంకే చుట్టరికం చెప్పినా అనుమానం తీరి ఊరుకునేవాడు. బావ అన్నాక ఆయన మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. "ఆయ్, బావామరదళ్ళా. ఆ మాట ముందే చెప్పాలి కదండీ" అని, కర్టెన్ తనే సర్ది వెళ్ళాడు. అక్కడి నుంచి మా నవ్వులు బజారెక్కాయి. ఫలానావారి అమ్మాయీ వాళ్ళ బావా తెగ ముచ్చటగా ఉంటున్నారని మా నాన్న చెవిన పడింది. మా నాన్న అసలే తొందర మనిషి. బావ ఒకరోజు మా ఇంట్లో ఉన్న నెట్ లేని కంప్యూటరు బాగుచెయ్యడానికొచ్చి బల్ల కింద తల దూర్చి ఉండగా, నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏరా అల్లుడూ, మేనరికం అనుకున్నదే కదా, మీ నాన్న సెలవులో వచ్చినప్పుడు కానిచ్చేద్దాం" అన్నాడట. బల్ల కింద నుంచి "ఆయ్" అని వినిపించిందట. అంతే. సాయంత్రానికి మా అమ్మ స్వీట్లు పంచిపెట్టేసింది. బండారులంకలో అత్తయ్య నాకోసమని వంకాయరంగు చీర మగ్గానికి ఎక్కించేసింది, ఆకుపచ్చ అంచుతో.

నాకు కోపం వచ్చిందా అంటే, వచ్చింది. నన్నొక్కరూ అడగలేదు. అడిగితే నేనేమనేదాన్నో నాకూ తెలియదు. బావంటే ఇష్టమే. కానీ వీపు మీద గుద్దే ఇష్టం అది.

ఆ ఆదివారం నెట్ సెంటర్లో మేమిద్దరం మొహమొహాలు చూసుకోలేదు. బావ ఏదో వీడియో పెట్టాడు. ఏదో దేశంలో వంటిల్లు. ఇద్దరు ముసలాళ్ళు. తెల్లజుట్టాయన కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంటాడు. బట్టతలాయన ఆ కళ్ళజోడు తన నెత్తి మీదే పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరుగుతుంటాడు. పైగా తనూ లేచి వెతికిపెడతాడు, ఫ్రిజ్‌లో ఓసారి, గిన్నెల కింద ఓసారి. చివరికి దొరికిపోతాడు. తెల్లజుట్టాయన తువ్వాలుతో వీపు మీద ఒక్కటి వేసి, నుదుటి మీద ముద్దుపెట్టి, కళ్ళజోడు లాక్కుని పోతాడు. అలకంతా మర్చిపోయి నేను పకపకా నవ్వాను.

"ఈ అన్నదమ్ములెవరో గానీ భలే ఉన్నారు బావా."

బావ నవ్వలేదు. కింద ఇంగ్లీషులో రాసింది వేలితో చూపించాడు. "అన్నదమ్ములు కారే. మొగుడూ మొగుడూ."

నాకు ఆ మాట కొత్త. మొగుడూ పెళ్ళామంటారు, మొగుడూ మొగుడూ అని ఎవరూ అనగా వినలేదు. మళ్ళీ నవ్వబోయాను. బావ చెవులు ఎర్రబడి ఉన్నాయి. నవ్వు లేకుండా ఎర్రబడటం అదే మొదటిసారి చూశాను.

"నేనూ అంతేనే" అన్నాడు.

తెర మీద చక్రం తిరుగుతోంది. వీడియో అయిపోయాక కూడా ఎందుకో తిరుగుతోంది. నా నోటికొచ్చిన మొదటి మాట ఇది. "మరి మా నాన్నకి ఆయ్ ఎందుకన్నావు?"

"వింటన్నానని అన్నానే. మీ నాన్న లేచెళ్ళిపోయేరు. బల్ల కింద నించి బయటికొచ్చేసరికి పెళ్ళి కుదిరిపోయింది."

ఏడవాలో నవ్వాలో తెలియక ఇద్దరం నవ్వేశాం. తర్వాత అతను నిజంగానే ఏడ్చాడు. ఇన్నేళ్ళు ఇంత పక్కన కూర్చుని ఇంత నవ్విన మనిషి ఇది ఒక్కడే మోశాడా అనిపించింది. "పోనీ నేనే నాకొద్దంటాను. నా నోరు అందరికీ తెలిసిందే, నన్ను తిట్టి ఊరుకుంటారు" అన్నాను.

"నువ్వు తప్పుకుంటే ఇంకో పిల్లని తెస్తారే. ఆ పిల్లకి ఎవరు చెబుతారు?"

అంటే ముందు చెప్పాల్సింది అత్తయ్యకి. అతని భయమంతా అక్కడే ఉంది. ఊరు ఏమనుకున్నా పడతాడు గానీ, అమ్మ మాట్లాడటం మానేస్తే బతకలేనన్నాడు. ఎలా చెప్పాలి? మాకు తెలిసిన మాటలన్నీ తిట్లే. పేపర్లో రాసే మాటేమో నోరు తిరగనంత పొడుగు, ఏదో రోగం పేరులా ఉండేది.

చివరికి ఆ ముసలాళ్ళే దిక్కయ్యారు. మరుసటి ఆదివారం, మామయ్య వచ్చేలోపు, అత్తయ్యని మధ్యలో కూర్చోబెట్టి ఆ వీడియో పెట్టాం. అత్తయ్య నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళొత్తుకుంది. "అచ్చం మీ మామయ్యే. సెలవుకొచ్చినప్పుడల్లా నా కత్తెర దాచేసి, నాతోపాటు తనూ వెతుకుతారు. ఎవర్రా వీళ్ళు, అన్నదమ్ములా?"

బావ చెప్పాడు. ముసలాళ్ళ సంగతి ముందు చెప్పాడు, తర్వాత తన సంగతి. సగం నేనే అందించాను. అత్తయ్య తెర వైపే చూస్తూ విన్నది. అంతా విన్నాక, "ఆయ్" అంది.

అది ఏ ఆయ్యో ఆవిడ మొహం చూసినా పోల్చుకోలేకపోయాను. ఇంతలో మామయ్య కెమెరాలోకి వచ్చాడు. అత్తయ్య ఆయనతో వానల గురించి, కొబ్బరికాయల దింపు గురించి మాట్లాడి, లేచి వెళ్ళి ఆటో ఎక్కింది. కొడుకు వైపు చూడలేదు.

ఆ వారమంతా బావ అన్నం ముద్ద మింగలేదు. "అమ్మ పళ్ళెంలో వడ్డిస్తంది గానీ మాటాడట్లేదే. మగ్గం కూడా ఆపేసింది" అన్నాడు. అతన్ని ఊరడించడానికి నేను పిల్లి గురించి, కర్టెన్ గురించి ఏవేవో వాగాను. లోపల నాకూ భయమే. నేనే ముందుకి తోశానేమో, అతనికి అమ్మ లేకుండా చేశానేమోనని.

తర్వాత ఓ ఉదయం అత్తయ్య మా ఇంటికొచ్చింది, చేతిలో సంచీతో. నాన్న పంతులుగారితో ముహూర్తాల మాట ఎత్తబోతున్న రోజులవి. అత్తయ్య కూర్చోకుండానే అంది. "ఒరే తమ్ముడూ, ఈ పెళ్ళి లేదు."

"అదేంటక్కా, నీ కొడుకు నా మొహమ్మీదే ఆయ్ అన్నాడు కదా."

"మొహమ్మీద ఎక్కడన్నాడురా, బల్ల కింద అన్నాడు. వాడు ఆయ్ అంటే వింటన్నానని. చేసుకుంటానని కాదు."

"పోనీ ఇంకో పిల్లని చూద్దాం."

"ఏ పిల్లా వద్దు. వాడి మనసు ఆడపిల్లల మీదకి పోదు. అలా పుట్టేడు."

నాన్న లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏదైనా లోపమా?" అన్నాడు.

"లోపం నీ చెవిలో ఉంది" అంది అత్తయ్య. "మీ బావగారికి నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం నా కొడుకుని ఒక్క మాట అన్నావంటే ఈ గుమ్మం తొక్కను."

మా నాన్న తొందర మనిషే గానీ అక్క మాట దాటడు. ఆ రోజు ఆయన నోటినుంచి వచ్చింది కూడా ఆయ్ అనే మాటే. అది పూర్తిగా సరేగా మారడానికి చాలా కాలం పట్టింది, అది వేరే సంగతి.

అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచి సంచీలోంచి చీర తీసింది. వంకాయరంగు, ఆకుపచ్చ అంచు. ఆపేసిన మగ్గం మళ్ళీ ఎక్కి పూర్తి చేసిందన్నమాట.

"పెళ్ళి లేదు కదత్తయ్యా."

"పెళ్ళికని ఎవరన్నారు? ఊరికే కట్టుకో." చీర మడతలు సర్దుతూ అంది. "వాడు నీకు ముందు చెప్పేడు. నాకు చెప్పడానికి ముసలాళ్ళని తెచ్చుకున్నాడు. నేనంత చెడ్డదాన్నా?"

"చెడ్డదానివి కాదు. బావ నువ్వు లేకుండా ఉండలేడు, అందుకే భయం" అన్నాను. అత్తయ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ చీర ఇప్పటికీ నా బీరువాలో ఉంది, నా పెళ్ళికి కూడా అదే కట్టుకున్నాను.

బావ హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి, ఇలాంటివాళ్ళు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని ఢిల్లీలో హైకోర్టు అన్నదని టీవీలన్నీ ఒకటే గోల. ఆ ఆదివారం నెట్ సెంటర్లో కంప్యూటరు చూపిస్తూ సెంటరాయన నవ్వాడు. "విన్నారాండీ, ఇంక మగాళ్ళని మగాళ్ళే చేసుకుంటారంటండీ. మనలాంటోళ్ళ గతేంటండీ?"

"మీరేం బెంగపెట్టుకోకండి. మిమ్మల్నెవరూ అడగరు" అన్నాను. పక్క క్యాబిన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కర్టెన్ సర్దకుండానే వెళ్ళిపోయాడు.

అత్తయ్య నా పక్కన కూర్చుని చెవిలో అడిగింది. "అంటే, మన అబ్బాయిని ఇంక పోలీసులు పట్టుకెళ్ళరు కదే?"

ఇన్నాళ్ళూ ఆవిడ ఆ భయంతో పడుకుని ఆ భయంతో లేస్తోందని నాకు అప్పుడు తెలిసింది. "పట్టుకెళ్ళరత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజు కెమెరాలో మామయ్య కాదు, బావ. కుశలప్రశ్నలయ్యాయి. భోంచేశావా, జలుబు తగ్గిందా. తర్వాత అత్తయ్య కొంగు సర్దుకుని, మైకు నోటికి దగ్గరగా లాక్కుని అడిగింది.

"ఒరే, నీ కళ్ళజోడు దాచేవాడు ఎవడైనా దొరికేడా?"

బావకి కళ్ళజోడు లేదు. అయినా ప్రశ్న అర్థమైంది.

"ఆయ్" అని వినిపించింది. అదే క్షణంలో బొమ్మ ఆగిపోయింది. బావ కళ్ళు సగం మూసి, నోరు సగం తెరిచి. తెర మధ్యలో చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది.

"ఇది ఏ ఆయ్ రా?" అంది అత్తయ్య తెరతో. నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం ఆ చక్రాన్ని చూస్తూ కూర్చున్నాం.

బొమ్మ కదిలింది. బావ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

అత్తయ్య కుర్చీ ముందుకి జరుపుకుంది. సంబంధం చెప్పగానే మా వైపు ఎవరైనా అడిగే మొదటి మాటే అడిగింది.

"ఏ ఊరోళ్ళు?"