గంభీరంగా పాడమన్నారు

మందమర్రిలో మా కాలనీ చర్చికి కొత్త భవనం కట్టారు. ప్రతిష్ఠ రోజున బిషప్ గారు గుమ్మం నుంచి వేదిక దాకా నడిచి వస్తుంటే క్వయర్ ఒక స్తుతిగీతం పాడాలని నిర్ణయించారు. పాట రాసి బాణీ కట్టింది మా పెద్దవ్వ. ఆమె మా అమ్మకు అక్క, బడిలో పాటలు నేర్పి రిటైరైన టీచరు, మా క్వయర్‌కు నాయకురాలు. పాస్టరు గారు పాట విని మెచ్చుకుని, ఇది గంభీరంగా ఉండాలి అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. తగువంతా ఆ మాటతోనే మొదలైంది.

గంభీరం అంటే పెద్దవ్వకు నిదానం. ఒక్కో మాటా నోట్లో బెల్లంముక్కలా కరగాలి. కీబోర్డు వాయించే మా ఆయనకు గంభీరం అంటే పరేడ్‌లో అడుగులు పడ్డట్టుండే దరువు. మగవాళ్ళ వరసలో ముందు నిలబడే ఒకాయన ఉన్నాడు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, మేమంతా మామ అని పిలుస్తాం. ఆయనకు గంభీరం అంటే కింది స్థాయి. పెద్దవ్వ ఎఫ్ స్కేలులో, అంటే కాస్త ఎత్తు శ్రుతిలో కట్టిన ఆ పాటలో పల్లవి చివర ఒక ఎత్తైన స్వరం ఉంది. అక్కడికి వచ్చేసరికి మామ మెడనరాలు ఉబ్బేవి, కళ్ళు మూతలు పడేవి, వచ్చే చప్పుడు మాత్రం తుప్పు పట్టిన గేటు తీసినట్టుండేది. ఆడవాళ్ళ వరసలో మేము పాటల పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవాళ్ళం.

స్కేలు కొంచెం దించమని మామ బతిమాలాడు. దించితే అది పాట కాదు, మూలుగవుతుందని పెద్దవ్వ ససేమిరా అంది.

ముందు వేగం సంగతి తేల్చుకుందామని నన్ను బిషప్‌ను చేశారు. భుజాల మీద వెనక నేలకు జీరాడేటట్టు టర్కీ టవలు కప్పి, చేతికర్రకు బదులు బూజుకర్ర ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. పెద్దవ్వ వేగంలో పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలోనే నేను వేదిక చేరిపోయాను. మిగతా చరణాలన్నీ బూజుకర్ర పట్టుకుని, ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడ్డాను.

మా ఆయన కీబోర్డు ఆపాడు. "అత్తమ్మా, గింత నిదానమైతే బిషప్ గారికి కుర్చి ఎయ్యాలె, చాయ్ గూడ ఇయ్యాలె."

పెద్దవ్వ అతని వైపు చూడలేదు. నన్ను చూసింది. "నువ్వు బస్సు అందుకునేటట్టు ఉరుకుతున్నవ్. జర బరువుగ నడువు."

బరువుగా నడిచాను. ఊరేగింపులో నా వెనక నడిచి చూద్దామని వచ్చిన పాస్టరు గారు టవలు తొక్కారు. తరువాత మా ఆయన దరువుకూ అంతే బరువుగా నడిచాను. నేను సగం దారిలో ఉండగానే పాట అయిపోయింది. నా కాళ్ళు నొప్పి పుట్టాయి కానీ వేగం మాత్రం తేలలేదు.

అప్పుడు మా ఆయనా మామా కలిసి స్కేలు పని పట్టారు. కీబోర్డు మీద ఒక బటన్ ఉంది. అది నొక్కితే వేళ్ళు ఎప్పటి చోటే ఉంటాయి, శబ్దం అర మెట్టు దిగుతుంది. పెద్దవ్వ చూసేది వేళ్ళనే కదా అని మా ఆయన ధీమా. ప్రాక్టీసు ప్రాక్టీసుకూ కొద్దికొద్దిగా దించుతూ ఎఫ్‌లోని పాటను కిందున్న డి స్కేలుకు తెచ్చేశాడు. మామ మెడనరాలు చల్లబడ్డాయి. మగవాళ్ళ గొంతులు ఇప్పుడు తెరుచుకున్నాయని పెద్దవ్వ తానే మెచ్చుకుంది. ఇంటికి వచ్చాక మా ఆయన ఆ మాటను ఆమె గొంతుతోనే అంటూ వంటింట్లో చక్కర్లు కొట్టాడు. పూరీలు వత్తుతూ నేనూ నవ్వాను.

ప్రతిష్ఠ రోజు వచ్చింది. పెద్దపల్లి నుంచి, మెట్‌పల్లి నుంచి చుట్టాలు వచ్చి చర్చి కిక్కిరిసిపోయింది. పెద్దవ్వ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని మా ముందు నిలబడింది. గుమ్మం దగ్గర బిషప్ గారు కనిపించారు. మా ఆయన బటన్ సరిచూసుకుని, మామకు కనుసైగ చేసి, వేళ్ళు కీబోర్డు మీద పెట్టబోయాడు. అప్పటికే పెద్దవ్వ చెయ్యి లేచింది. కీబోర్డు కోసం ఆగకుండా తానే పాట ఎత్తుకుంది. ఎఫ్‌లో.

ఆమె ఎత్తుకుంటే మేము అందుకోవడం అలవాటు. అందుకున్నాం. ఇటు మా ఆయన డిలో అందుకున్నాడు. కాసేపు రెండు పాటలు జుట్టు పట్టుకుని కొట్టుకున్నట్టు వినిపించింది. అతను గాభరాగా బటన్ కోసం తడుముకుని మరోటి నొక్కాడు. కీబోర్డు డిస్కో దరువు మొదలుపెట్టింది. దాని నోరు నొక్కేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మిగతా పాట వాయిద్యం లేకుండానే సాగింది.

బిషప్ గారు నేను నడిచిన ఏ నడకా నడవలేదు. గబగబా కొన్ని అడుగులు వేసి, ఎవరో ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆగిపోయేవారు. పెద్దవ్వ కళ్ళు ఆయన పాదాల మీదే ఉన్నాయి. ఆయన కదిలితే ఆమె చెయ్యి చురుకయ్యేది, ఆయన ఆగితే మాటను సాగదీసేది. మేము పుస్తకాలు వదిలేసి ఆ చేతినే చూశాం.

ఎత్తైన స్వరం దగ్గరపడింది. మామ ముఖం పాలిపోయింది. పెద్దవ్వ ఎడమ చెయ్యి అతని వైపు చాచి, అరచేతిని మెల్లగా కిందికి దించింది. మామ పైకి పోకుండా, తన గొంతుకు సుఖమైన చోటే ఆ మాట పలికాడు. మిగతా మగవాళ్ళూ అతని వెంట దిగారు. పైన మా గొంతులు, అడుగున వాళ్ళవి. ఇన్నాళ్ళూ పాడుతున్న పాటను అప్పుడే మొదటిసారి విన్నట్టనిపించింది.

భోజనాల దగ్గర మా ఆయన తలెత్తకుండా తింటున్నాడు. పెద్దవ్వ పళ్ళెం తెచ్చుకుని సరిగ్గా అతని ఎదురుగా కూర్చుంది. స్కేలు సంగతి ఎప్పుడు తెలిసిందని నేనే అడిగాను.

"మొదటి దినమే ఎరుక. మీ మామకు జర భయం పోనీ అని ఊకున్న. భయపడ్డ గొంతు కిందికి గూడ పోదు." తరువాత మా ఆయన వైపు తిరిగింది. "అల్లుడా, గా డిస్కో మాత్రం నేను చెప్పలే."

అతనికి పొలమారింది. నేను వీపు నిమిరాను.

వెళ్ళేముందు బిషప్ గారు క్వయర్‌ను పిలిచి అభినందించారు. అన్నిటికంటే పాట మొదట్లో వాయిద్యం తికమకపడి, హఠాత్తుగా మౌనం వహించడం తనను కదిలించిందన్నారు. మనిషి గర్వం దేవుని ముందు అణగిపోవడాన్ని అంత చక్కగా చూపించిన వాళ్ళను తాను చూడలేదట. మామ గట్టిగా ఆమెన్ అన్నాడు. పాస్టరు గారైతే పొంగిపోయి, క్రిస్మస్‌కు కూడా అచ్చం అలాగే వాయించాలని మా ఆయనకు గట్టిగా చెప్పారు.