తిమ్మయ్యకు ఇష్టమైనది

సాయంత్రం నాలుగింటికి పుష్పవల్లి ఇంట్లో పొయ్యి వెలగడం మానేసి ఏడాది కావస్తోంది. అంతకు ముందు ముప్పై ఏళ్ళపాటు ఆ వేళకి పోపు చిటపటలాడని రోజు లేదు. మొగుడు తిమ్మయ్య అయిదింటికల్లా శాక్సఫోన్ పెట్టె మోటారుసైకిలుకి కట్టుకుని పనికి బయల్దేరేవాడు. ఆలోగా అన్నం, పులుసు, ఏదో ఒక వేపుడు, నెత్తళ్ళ ఇగురు వేడివేడిగా కంచంలో పడాలి. అంతా చేసి ఎదురుగా పెడితే తిమ్మయ్య నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు.

"ఊదేవోడికి పొట్ట తేలిగ్గా ఉండాల పుష్పా. కడుపు నిండితే ఊపిరాడదు" అనేవాడు.

ఆమె నమ్మింది. ఎందుకు నమ్మదు? ఊదేది ఆయన, ఊపిరి ఆయనది. మిగిలింది అదే కంచంలో కలుపుకుని, గోడకి చేరబడి తినేది. మొగుడు సగం ఆకలితో పనికి పోయాడే అన్న దిగులు ఆమె ముద్దకి ఉప్పులా అంటుకుని ఉండేది.

ఇప్పుడు ఆ వేళకి ఊరికే ముందుగదిలో కూర్చుంటుంది. ఆకలైతే పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుంటుంది. లేకపోతే అదీ లేదు. ఎదురింటి చైనా ముసలామె గేటు దగ్గర నిలబడి మలయ్‌లో "తిన్నావా?" అని అడిగితే, తిన్నానన్నట్టు తల ఊపుతుంది.

పుష్పవల్లి నోట్లో నాలుక లేని మనిషి. మలేసియాలో బాగన్ డాతో అనే ఊరి దగ్గర, కొబ్బరి తోటల కూలీల లైను ఇళ్ళలో పుట్టింది. మూడో క్లాసుతో బడి మానేసి తమ్ముళ్ళని చంకనేసుకుంది. తిమ్మయ్య ఆ తోటల్లోనే పెళ్ళిళ్ళకి క్లారినెట్ ఊదేవాడు. మనువైన కొత్తలో ఇపో పట్నానికి వచ్చేశారు. పాతబస్తీలో దొరల హోటల్‌లో తిమ్మయ్యకి పని దొరికింది. ఒకప్పుడు రబ్బరు దొరలూ తగరం గనుల దొరలూ తినడానికి, తాగడానికి కట్టుకున్న హోటల్ అది. దొరలు పోయారు, పేరు పోలేదు. అక్కడ తాగేవాళ్ళ మధ్య జాజ్ వాయిస్తారు. అక్కడ వడ్డించేది గొడ్డు మాంసం. అందుకని ఇపోలో మనవాళ్ళెవరూ ఆ గడప తొక్కరు. పుష్పవల్లీ తొక్కలేదు. అక్కడ నల్ల కాఫీ తప్ప ఏదీ ముట్టనని తిమ్మయ్య ఆమె తాళి మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆ మాట మీదే ఆమె కాపురం చేసింది.

తిమ్మయ్య గుండె ఆగి పోయాడు. పదహారో రోజు కర్మలో ఆయనకి ఇష్టమని ఇగురు, పులుసు, గారెలు, పాయసం అన్నీ ఆకులో పెట్టి గోడ మీద ఉంచారు. కాకులు వచ్చాయి. చూశాయి. పోయాయి. మధ్యాహ్నం తిరిగిపోయినా ఒక్కటీ ముట్టలేదు. చివరికి ఎవరో ఆకు తీసుకెళ్ళి కాలవలో కలిపారు.

ఆ రోజు తిమ్మయ్య అక్క నూకాలమ్మ అందరూ వింటుండగా అడిగింది.

"ఆడికి ఏటి ఇష్టమో ఎరగవేటే? ముప్పై ఏళ్ళు ఏటి వండి పెట్టినావు మరి?"

"ఇయ్యే తినీవారొదినా."

"తింటే కాకి ముట్టదేటి? మొగుడి నోటి రుచి తెలీని ఆడది మా ఇంటికి దాపరించినాది. పోయినోడు పస్తున్నాడు."

ఆ మాట పుష్పవల్లికి ఏడాదంతా పుల్లలా గుచ్చుకుంటూనే ఉంది. పస్తు. బతికున్నప్పుడు నాలుగు ముద్దలు. చచ్చాక అదీ లేదు. రాత్రి పక్క మీద వాలినా, పొద్దున్న ముగ్గేసినా అదే ఆలోచన. ఏమిటాయనకి ఇష్టం? ఏది మర్చిపోయాను? సంవత్సరీకం దగ్గర పడేకొద్దీ అదొక్కటే కోరిక మిగిలింది. ఈసారి ఆకు ముట్టాలి. ఆయన తినాలి.

సంవత్సరీకం ఆదివారం. ముందు శుక్రవారం కొడుకు లోగన్ వచ్చాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాడు, వేరే కాపురం.

"అమ్మా, రేపు హోటల్లో నాన్న పేరు మీద పాటలు పెట్టినారు. ఇంటోళ్ళని బోజనానికి పిలిసినారు. నువ్వు రాకపోయినా పరవాలేదు లా. అత్తని తీస్కెళ్తాను" అన్నాడు, మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తూ.

ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, "నానూ వస్తాను" అంది.

"అక్కడంతా ఇంగ్లీషు అమ్మా. నీకు బోరు కొడతాది."

"అక్కడి వోళ్ళని ఒక్క మాట అడగాల."

రేపు సాయంత్రం వస్తానని చెప్పి లోగన్ లేచాడు.

నూకాలమ్మ జరీ అంచు పట్టుచీర కట్టుకుని కారు ముందు సీట్లో కూర్చుంది. వెనక కూర్చున్న పుష్పవల్లి నేత చీర వంక చూసి, "ఏడాది తిరక్కుండా పాటల కాడికి బయల్దేరినావు. సిగ్గు నాకేస్తంది" అంది. తను వెళ్ళేది తమ్ముడి గౌరవం కోసమట.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. నల్లబడిన టేకు గోడలు, పాతకాలం ఫ్యాన్లు, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు. గోడల నిండా పాత ఫొటోలు. టోపీలు పెట్టుకున్న దొరలు కుర్చీల్లో, వెనక కాళ్ళకి చెప్పుల్లేని కూలీలు వరసగా.

"మన తాతలంతా నిలబడే ఉన్నారు చూడరా. మనం కూకున్నాం" అని నూకాలమ్మ నవ్వింది. "మా తమ్ముడి పుణ్యం."

మూలన చిన్న అరుగు మీద నలుగురు వాయిస్తున్నారు. శాక్సఫోన్ ఊదే చోట కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచి, దాని మీద తిమ్మయ్య ఫొటో పెట్టారు. పుష్పవల్లి ఆ ఫొటో ఎప్పుడూ చూడలేదు. నల్ల కోటులో పొట్ట కొంచెం ముందుకొచ్చి, పెదాలు నూనెతో మెరుస్తూ, కళ్ళు సగం మూసి నవ్వుతున్నాడు. నిండా తిన్న మనిషి నవ్వు అది. ఇంట్లో ఆ నవ్వు ఆమె ఎరగదు.

వాళ్ళ బల్ల దగ్గరికి ఒక ముసలి చైనా సర్వరు వచ్చాడు. తెల్ల కోటు, వంగిన నడుము. లోగన్ని చూడగానే భుజం తట్టాడు.

"చిన్న టిమ్మీ, చాలా రోజులైంది. నీకు మామూలుగానే కదా, బాగా కాల్చింది?" అన్నాడు మలయ్‌లో.

పుష్పవల్లి కొడుకు వంక చూసింది. లోగన్ మెనూలోకి తల దూర్చాడు.

ఇంగ్లీషు రాకపోయినా పుష్పవల్లికి సంతలో మాట్లాడేంత మలయ్ బాగా వచ్చు. దాచుకున్న మాట బయటికి తీసింది.

"ఆయన ఇక్కడ ఏం తినేవారు, అబాంగ్? ఏది ఇష్టం?"

అన్నా అని పిలిచినందుకు ముసలివాడి ముఖం మెత్తబడింది. "టిమ్మీయా? రిబ్ ఐ, గొడ్డు పక్కటెముకల దగ్గరి ముక్క. లోపల ఎర్రగా ఉండాలి, కోస్తే నెత్తురు రావాలి. రోజూ పాట మొదలెట్టే ముందు వంటగదిలో నిలబడి తినేవాడు. పాపం, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదు కదా. ఈ పిల్లాడు పుట్టిన పురిట్లోనే పెళ్ళాం పోయిందని చెప్పాడు. మా పెద్ద యజమానురాలు విని ఏడ్చేసింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ మంచి ముక్క ఆయనకే తీసి పెట్టించేది. తర్వాత మేమూ అదే అలవాటు చేశాం." పుష్పవల్లి ముఖంలోకి తేరి చూశాడు. "మీరు ఆయనకేమవుతారు?"

పుష్పవల్లి నోరు తెరిచింది. అంతలో నూకాలమ్మ ముందుకు వంగింది.

"చెల్లెలు. నేను అక్కని, ఇది చెల్లెలు" అంది మలయ్‌లోనే, గట్టిగా.

ముసలివాడు రెండు చేతులూ జోడించి తల వంచి వెళ్ళిపోయాడు.

"ఒదినా" అంది పుష్పవల్లి.

"నోరు మూస్కో. పోయినోడి మాట అబద్ధం సేస్తావేటి? ఇంతమందిలో ఆణ్ణి దొంగని సేస్తావా? ఏటో సొమ్ములు దోసుకున్నాడా, మాట అన్నాడంతే." నూకాలమ్మ గొంతు తగ్గించి లోగన్ వైపు తిరిగింది. "నీకు తెల్సేటిరా?"

"చిన్నప్పుడే తెలుసు అత్తా. నాన్న పనిలో చేరిన కొత్తలో ఏదో జాలికి చెప్పినాడు. అంతా నమ్మేసినారు. మళ్ళీ ఎలాగ మారుస్తాడు లా? అందుకే అమ్మని రావద్దన్నాను."

"నీకూ పెట్టీవారా?" పుష్పవల్లి అడిగింది.

"పుట్టినరోజుకి. మరేటి చేస్తాడమ్మా, నీ పులుసు రోజూ ఒక్కలాగే ఉంటాది. నాన్నే అనీవోడు, పుష్ప వంటకి ఆస్పత్రి వాసన అని. తమాషాకే లా."

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపు కాదు.

పాట ఆగింది. మేనేజరు కుర్రాడు మైకు అందుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మధ్యలో టిమ్మీ అన్న పేరు వినిపించింది. ఒకచోట జనం జాలిగా నిట్టూర్చారు. తర్వాత మేనేజరు వీళ్ళ బల్ల వైపు చెయ్యి చాపాడు. నాలుగు మూలల నుంచీ చప్పట్లు. దూరంగా కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి పుష్పవల్లి చెయ్యి పట్టుకుని ఏదో అంది.

"ఏటంటంది?"

"పెళ్ళాం లేకపోయినా అన్నని ఇంత బాగా చూసుకున్నారు, మీలాంటి చెల్లెలు ఉండటం ఆయన అదృష్టం అంటంది" అన్నాడు లోగన్. "థాంక్యూ చెప్పమ్మా."

పుష్పవల్లి థాంక్యూ అంది. ఆమెకి వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట అదే.

ముసలి సర్వరు మళ్ళీ వచ్చాడు. ఇనప పళ్ళేలు బుసబుసలాడుతున్నాయి. గ్రేవీ చిందుతుందని ముందుగా ఒక్కొక్కరికీ మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టాడు. పుష్పవల్లి వెనక నిలబడి ముడి వేశాడు. తాళి తీసిన నాటి నుంచి ఆ మెడ వెనక ఎవరి వేళ్ళూ తగల్లేదు. ఆమె ఒళ్ళు బిగుసుకుపోయింది. ముసలివాడు ముడి బిగువైందేమో అనుకుని, క్షమించమని చెప్పి కొంచెం వదులు చేశాడు.

"టిమ్మీ ముక్క. హోటల్ తరఫున" అని ఆమె ముందు పెట్టాడు.

నెత్తురు నీళ్ళు పళ్ళెం మీద మరిగి నల్లబడుతున్నాయి. పుష్పవల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోగన్ తనది కోసుకుని తిన్నాడు. నూకాలమ్మ ముక్కు చీర చెంగుతో మూసుకుని రొట్టె, కూరగాయలు తిన్నది. బంగాళాదుంప వేపుడు రెండోసారి అడిగి తెప్పించుకుంది. వాయిద్యాలు మళ్ళీ మొదలయ్యాయి. అంతా తినడం అయ్యాక నూకాలమ్మ పుష్పవల్లి ముందున్న పళ్ళేన్ని వేలితో చూపించింది.

"ఇది కట్టించరా లోగా. రేపు ఆకులో పెట్టాల."

"అత్తా, గొడ్డు మాంసం అది."

"ఆడికి ఇష్టమైంది పెట్టకే గదా అప్పుడు కాకి ముట్టనేదు? ఇప్పుడు తెలిసినాది. తెలిసీ పెట్టకపోతే పాపం మనది." పుష్పవల్లి వైపు తిరిగింది. "నాను సెయ్యకూడదు. ఇంటిపేరు మారిపోయినదాన్ని, ఆడబిడ్డ వండింది పెద్దలకి పనికిరాదు. ఇంటి కోడలే వండాల. పొద్దున్నే తానమాడి, నీ పెనం మీద వేడి సేసి, నీ చేత్తో పెట్టు. నీ పులుసు కూడా పెట్టు, పక్కన. ఆడేది తింతాడో సూద్దారి."

"మా ఇంటి పెనం మీద ఇది ఎక్కదొదినా."

"ఎక్కుతాది. ఆడి ఇల్లు అది."

"ఒక్కరోజే గదమ్మా" అన్నాడు లోగన్. "తర్వాత పెనం పారేద్దాం. కొత్తది కొంటాను లా."

వెండిరంగు కాగితంలో చుట్టిన పొట్లం పుష్పవల్లి ఒళ్ళో పెట్టారు. ఇల్లు చేరేదాకా అది ఆమె తొడల మీద వెచ్చగా, నిద్రపోయే పిల్లిలా ఉంది. కారులో లోగన్, నూకాలమ్మ మర్నాడు ఎవరెవరు వస్తారో చెప్పుకుంటున్నారు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన అలా ఎందుకన్నాడు అని ఆమె ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి ఫొటోలో ఉన్నాడు. ఆ ఫొటోలో ఆయన కడుపు నిండి ఉంది.

ఆదివారం పొద్దున్నే తలారా స్నానం చేసింది. ఎప్పటిలాగే బియ్యం కడిగి గిన్నెలో నానబెట్టింది. చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి. చింతపండు తీసి పళ్ళెంలో పెట్టింది. తర్వాత ముక్కాలిపీట వాల్చుకుని వంటింట్లో కూర్చుంది.

లోగన్ అరిటాకులు పట్టుకుని వచ్చాడు. పొయ్యి వంక చూశాడు.

"ఏటమ్మా, ఇంకా ముట్టించలేదా? పదకొండుకల్లా జనం వస్తారు."

"చెల్లెలి వంట ఆకులోకి పనికొస్తాదేట్రా?"

"ఏటి?"

"నీకు తెల్దా? ఆడబిడ్డలు వండకూడదు. మీ అత్త రాత్రే సెప్పినాది గదా. ఇంటి కోడలు వండాల. ఆయన పెళ్ళాం నీ పురిట్లోనే పోనాది. ఇక ఎవులొండుతారు?"

"అమ్మా, అది హోటల్లో మాట. అక్కడ అన్నాం, అయిపోయింది."

"మీ నాన్న ముప్పై ఏళ్ళు కడుపు నింపుకున్నాది అక్కడే. నా కాడ కాదు." ఆమె గొంతు లేవలేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. "మీ అత్త నన్ను చెల్లెల్ని సేసినాది. నువ్వు పక్కనుండి ముక్క నమిలినావు. నలుగురిలో చప్పట్లు కొట్టించుకున్నాను. అయ్యన్నీ వెనక్కి తీసుకోలేను."

"మరి నాన్నకేటి పెడతాం?"

"పొట్లం ఐసుపెట్టెలో ఉన్నాది. నువ్వు కొడుకువే గదా, వేడి సేసి పెట్టు. మీ యిద్దరికీ దాని రుచి తెలుసు."

లోగన్ ఫ్రిజ్ తలుపు తీశాడు. వెండి కాగితం వంక చూసి మళ్ళీ వేసేశాడు. పెనం ఎక్కడుందో ఎప్పుడూ చూడనివాడిలా గోడలన్నీ వెతికాడు. చివరికి ఆకులు బల్ల మీద పడేసి, ఫోను తీసుకుని గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

బయట కారు ఆగింది. నూకాలమ్మ గొంతు గేటు దగ్గర నుంచే వినిపిస్తోంది, పులుసు వాసన రావట్లేదేటని. వెనక ఇంకా నలుగురైదుగురి చెప్పుల చప్పుడు. పుష్పవల్లి పీట మీద నుంచి లేవలేదు. గిన్నెలో బియ్యం నీళ్ళు తాగి తెల్లగా ఉబ్బాయి. వాటిని వార్చనూ లేదు, పొయ్యి ముట్టించనూ లేదు.