ఆలస్యంగా కదిలిన పడవ

ఆఫీసులో అందరూ ఆమెను రంగులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె బావే. ఆయన ఆమె అక్క భర్త, ఆ కంపెనీలో పెద్ద ప్రోగ్రామరు. ఆమె "బావా" అని పిలవడం విని విని మిగతావాళ్ళకూ అదే నోటికొచ్చేసింది. చివరికి జీతాలిచ్చే యజమాని కూడా "బావగారూ, ఆ పని ఎందాకా వచ్చింది?" అని అడిగేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఇదంతా ఒకటే కుటుంబమనుకుని, తాము ఆయనకు ఏ వరుస అవుతారో తెలియక తికమకపడేవారు.

కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు, అదే కంపెనీ. కంప్యూటర్ల వేడికి గది ఎప్పుడూ ఉడికిపోతూ ఉండేది. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఫోన్లలో ఆడుకునే చిన్న చిన్న ఆటలు అక్కడ తయారయ్యేవి. రంగులమ్మ వాటికి బొమ్మలు వేసేది. ఏళ్ళ తరబడి ఆమె వేసినవన్నీ బటన్లు, బుడగలు, పళ్ళికిలించే పుచ్చకాయలు. చేతిలో పనితనం ఉందని ఆమెకు తెలుసు. అది చూపించుకునే చోటే దొరకలేదు.

ఒకరోజు ఆఫీసుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్ళ చేత కసరత్తు చేయించే కేంద్రం నడుపుతుంది ఆమె.

"రబ్బరు బంతి నొక్కమంటే నాలుగు రోజులు నొక్కి మానేస్తున్నారు. విసుగు. అదే ఆటలా ఉంటే చేస్తారు. చెయ్యి లేపితే తెర మీద ఏదో ఒకటి కదలాలి. కానీ లేపగానే కదలాలి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. చెయ్యి మాట వింటోందని మనిషికి అక్కడికక్కడ తెలియాలి" అంది.

పడవ ఆట పెడదామన్నాడు బావ. కంప్యూటరు మీది కెమెరా మనిషి చేతిని చూస్తూ ఉంటుంది. చెయ్యి లేస్తే సరస్సులో పడవ ముందుకు సాగుతుంది. డాక్టరమ్మకు నచ్చింది. తమ కేంద్రంలో ఉన్నవన్నీ పాత కంప్యూటర్లనీ, కొత్తవి కొనే స్తోమత లేదనీ ముందే చెప్పి, వాటిలో ఒకదాన్ని పరీక్ష కోసం పంపించింది.

ఇలాంటి ఆటకు ముందుగా ఇంజన్ ఎంచుకోవాలి. వెలుతురు ఎటునుంచి పడాలి, నీడ ఎంత సాగాలి, నీళ్ళు ఎలా కదలాలి అన్న లెక్కలన్నీ లోపల చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఆఫీసులో రెండింటి గురించి వాదన నడిచింది. ఒకటి పెద్ద పెద్ద కంపెనీలు వాడేది. దానిలో నీళ్ళు వేస్తే తాగాలనిపిస్తుంది, కానీ దానికి బలమైన కంప్యూటరు కావాలి. రెండోది తేలికైనది. ఎంత పాత కంప్యూటర్లోనైనా పరిగెడుతుంది, బొమ్మ మాత్రం కాస్త బొమ్మలాగే ఉంటుంది. మొదటిదాన్ని అందరూ ఏనుగు అనేవారు, రెండోదాన్ని ఉడత.

"మనకు ఉడత చాలు" అన్నాడు బావ.

"ఊరికే అనుకోవడమెందుకు? అదే సరస్సు, అదే పడవ రెండింటిలోనూ చేయించి చూద్దాం. రంగులమ్మా, ఆ పోలిక నువ్వు చెయ్యి" అన్నాడు యజమాని.

రంగులమ్మ ఏనుగుతో మొదలుపెట్టింది. ఇక దాన్ని వదల్లేకపోయింది. పొద్దుటి వెలుతురు నీళ్ళ మీద విరుగుతుంటే, ఒడ్డునున్న రెల్లు నీడ అలతో పాటు వణుకుతుంటే, పొగమంచు పడవకు దారి ఇస్తూ విడిపోతుంటే, అది తన చేతిపనేనా అనుకుంది. పుచ్చకాయలు వేసిన చెయ్యేనా ఇది? రోజుల తరబడి ఆ సరస్సుకే మెరుగులు దిద్దింది. గడువు దగ్గరపడ్డాక ఉడతలో అదే సరస్సును ఒక్క పూటలో గీకి పడేసింది. వెలుతురు సర్దలేదు. నీళ్ళు నీలం గుడ్డ పరిచినట్టు చదునుగా వదిలేసింది. ఉడతలో కూడా ఓపికగా చేస్తే ఇంకా బాగా వస్తుందని ఆమెకు తెలుసు.

మిగిలింది పాత కంప్యూటరు. దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మ వేసే పనీ, కెమెరాలోంచి చేతిని గమనించే పనీ అన్నీ ఒక్క బుర్రే చెయ్యాలి. ఏనుగును దాని మీద పెడితే మొదట తెర బిగుసుకుపోయింది. రంగులమ్మ నీడలు తీసేసింది, పొగమంచు తీసేసింది, బొమ్మ పరిమాణం తగ్గించింది. చివరికి కెమెరా కూడా ఆపేసి మీట నొక్కితే పడవ బాగానే కదిలింది. అక్కడితో ఆపేసింది.

యజమాని ముందు రెండు సరస్సులనూ ఆఫీసులోని మంచి కంప్యూటరు మీద, పెద్ద తెర మీద చూపించింది. ఏనుగు సరస్సు రాగానే అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఉడత సరస్సు వచ్చాక ఎవరో కిసుక్కున నవ్వారు.

"బాగుండటం సరే. వాళ్ళ కంప్యూటర్లో ఆడిందా?" అని అడిగాడు బావ.

"ఆడింది బావా."

"కెమెరా పెట్టేనా?"

"ఊ" అంది.

బావ ఇంకేమీ అడగలేదు. ఇంకొకరైతే తనే కూర్చుని ఒకసారి ఆడించి చూసుకునేవాడు. చెప్పింది తన మరదలు కాబట్టి ఆ అవసరం కనిపించలేదు ఆయనకు. "సరే అయితే, ఏనుగే ఎక్కుదాం" అన్నాడు.

ఆయనకు ఏనుగు కొత్త. నేర్చుకుంటూ, తడుముకుంటూ కెమెరా భాగం రాశాడు. పని సాగే కొద్దీ ఆఫీసు కంప్యూటర్ల మీద అంతా సాఫీగానే కనిపించింది. పాత కంప్యూటరు మీద ఎప్పుడో పరీక్ష అయిపోయిందన్న నమ్మకంతో దాన్ని మూలన పెట్టేశారు. రంగులమ్మ అటు వెళ్ళినప్పుడల్లా చూపు తిప్పుకునేది. పని పూర్తయ్యేసరికి బావ ఆటను తేలిక చేస్తాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు, తేలిక చెయ్యమని అడగనూ లేదు.

ఆటను కేంద్రంలో పెట్టినరోజు ఆమె కూడా వెళ్ళింది. పొడవాటి హాలు, గోడ పొడుగునా పట్టుకుని నడవడానికి కడ్డీ, కిటికీ పక్క కంప్యూటర్ల వరస. మొదట కూర్చున్నది ఒక టైలర్ పెద్దాయన. కుడిచెయ్యి పడిపోయింది. కోడలు దగ్గరుండి కూర్చోబెట్టింది. నీడలూ పొగమంచూ రంగులమ్మ ముందే గుట్టుగా తీసేసి ఉంచింది, అయినా తెర మీద సరస్సు రాగానే ఆయన ముఖం వికసించింది.

"అబ్బ, ఎంత బాగుందమ్మా. పట్టుగుడ్డ పరిచినట్టుంది" అన్నాడు.

రంగులమ్మకు కడుపు నిండిపోయింది.

ఆయన పళ్ళు బిగించి చెయ్యి లేపాడు. భుజం వణికింది. మోచెయ్యి కాస్త పైకి లేచింది. పడవ కదలలేదు. ఆయన అలాగే పట్టుకోబోయి అలిసిపోయి చెయ్యి దించేశాడు. దించేశాక పడవ కదిలింది. మళ్ళీ లేపాడు. మళ్ళీ అంతే. చెయ్యి పైకి లేచినప్పుడు పడవ ఆగుతోంది, చెయ్యి ఒళ్ళో పడ్డాక సాగుతోంది. కొంతసేపటికి ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మీ ఆట బాగుందమ్మా. నా చెయ్యే మాట వినడం లేదు" అన్నాడు.

ఆయన చెయ్యి విన్నది. వినంది కంప్యూటరు. ఆ సంగతి ఆ హాలులో రంగులమ్మ ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది. పక్కన బావ నుదురు రుద్దుకుంటూ "నేను రాసిందే ఎక్కడో తప్పినట్టుంది డాక్టరమ్మా, సరిచేసి ఇస్తాను" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది.

కెమెరా పెట్టినా ఆడిందని మరదలు చెప్పింది కాబట్టి, ఆ తర్వాత బావ తన తప్పు కోసమే వెతకడం మొదలుపెట్టాడు. రాసిన కోడునే మళ్ళీ మళ్ళీ తిరగరాసేవాడు. ఎన్నిసార్లు రాసినా కాస్త తగ్గేదే కానీ ఆలస్యం పోయేది కాదు. అన్నం తింటూ కంచంలో వేలితో ఏవో గీతలు గీసేవాడు. యజమాని ఆయన్ని బావగారూ అనడం మానేసి పేరు పెట్టి పిలవసాగాడు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే ఎత్తేది.

"మీ బావకు వయసు మీద పడుతోందేమోనే. కొత్త సంగతులు బుర్రకెక్కడం లేదంటున్నారు. నీతో ఏమైనా అన్నారా?"

"ఏం అనలేదక్కా" అనేది రంగులమ్మ. 

డాక్టరమ్మ నుంచి కబురొచ్చింది. కొందరు ఆట వద్దంటున్నారు, టైలర్ పెద్దాయన అయితే కేంద్రానికే రావడం మానేశారు. ఇంటికి ఫోన్ చేస్తే, ఇక ఆ చెయ్యి రాదని ఆయన తేల్చుకున్నారనీ, ఎంత చెప్పినా కదలడం లేదనీ కోడలు చెప్పిందట. ఈ మాట బావ ఆఫీసులో అందరికీ చెప్పి, "నా చేతగానితనంతో ఒక మనిషి ఉసురు పోసుకుంటున్నాను" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రంగులమ్మ అక్క ఇంటికి వెళ్ళింది. అక్క బట్టలు మడతపెడుతోంది. బావ మంచం మీద ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఉన్నాడు. ఆమె కూర్చోలేదు.

"బావా, నీ రాతలో తప్పేం లేదు. ఆ రోజు నేను కెమెరా పెట్టి చూడలేదు. చూశానని చెప్పాను" అంది. "నీడలన్నీ తీసేసి, మీట నొక్కి ఆడించాను. ఉడతను కావాలనే సరిగ్గా చెయ్యలేదు. నాకు ఏనుగు కావాలనిపించింది."

అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "ఏంటే నువ్వంటున్నది?" అంది.

బావ కోప్పడతాడనుకుంది. ఆయన కంప్యూటరు మూత మెల్లగా మూశాడు.

"ఇన్నాళ్ళూ నేను తప్పు వెతుకుతుంటే పక్క కుర్చీలోనే ఉన్నావు కదా?" అన్నాడు.

 ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. అక్క ఆమెను వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. మిగతా బట్టలు మడతపెట్టింది.

మర్నాడు రంగులమ్మ యజమాని ఎదుట పాత కంప్యూటరుకు కెమెరా పెట్టి, ఏనుగునూ ఉడతనూ ఒకదాని తర్వాత ఒకటి ఆడించింది. ఏనుగు మీద పడవ మొరాయించింది. ఉడత మీద చెయ్యి లేపీ లేపకముందే పడవ సాగింది. పోలిక అంటే మొదట చేయాల్సింది ఇదేనని ఎవరూ విడిగా అనాల్సిన అవసరం లేకపోయింది. యజమాని తిట్టాల్సినవన్నీ తిట్టాడు. ఆమె బొమ్మల వరకే చూసుకోవాలనీ, పరీక్షలు ఇకమీదట వేరేవాళ్ళు చేస్తారనీ అన్నాడు. ఆమె సరేనంది. తీసేస్తే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది, అప్పుడు ఆ గదిలోకి రోజూ రావాల్సిన పని ఉండదు.

అందరూ ఉడతతో మళ్ళీ మొదలుపెట్టారు. రంగులమ్మ పాత కంప్యూటరును తన బల్ల మీదికి మార్పించుకుని దాని మీదే సరస్సు వేసింది. కదిలే నీడలు లేవు, అందుకని నీడను నీళ్ళ రంగులోనే కలిపి గీసింది. అల కోసం రెండు పలచని పొరలు ఒకదాని మీద ఒకటి జరిగేట్టు పెట్టింది. పొగమంచు మానేసింది. మొదటి సరస్సంత అందం రాలేదు. అయినా చూడబుద్ధేసేట్టు ఉంది. మొదట్లోనే ఇంత ఓపిక పెట్టి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ప్రతి గీతతోనూ వచ్చేది.

ఆట సిద్ధమయ్యాక డాక్టరమ్మను అడిగి టైలర్ పెద్దాయన ఇంటికి వెళ్ళింది. బావ కంప్యూటరు మోసుకుని వెంట వచ్చాడు.  ముందుగదిలో కిటికీ కింద నేల మీద నాలుగు చదరపు మచ్చలు ఉన్నాయి. అక్కడ ఏదో బరువైన వస్తువు చాలాకాలం ఉండి ఈమధ్యే తీసేసినట్టుంది.

"నాకొద్దమ్మా. ఒకసారి చూశాను కదా" అన్నాడు పెద్దాయన.

"ఆ రోజు మీ చెయ్యి మాట విన్నది బాబాయ్. మా ఆటే వినలేదు. తప్పు నాది. అప్పుడే తెలుసు నాకు" అంది రంగులమ్మ.

పెద్దాయన ఆమె వైపు చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు.

"అప్పుడే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "చెయ్యి ఇక పనికిరాదనుకుని కుట్టుమిషను మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను. పోనీలే. వాడికి పనికొస్తోంది."

బావ కంప్యూటరు బల్ల మీద పెట్టి ఆట తెరిచాడు. కోడలే "ఒక్కసారి చూడండి మావయ్యా" అని బతిమాలింది. ఆయన అయిష్టంగానే కుర్చీలో జరిగి కూర్చున్నాడు. చెయ్యి మునుపటికంటే తక్కువ లేచింది. కానీ లేచినంత మేరా పడవ సాగింది. దించితే ఆగింది. ఆయన నవ్వలేదు. నమ్మకం కుదరనట్టు మళ్ళీ లేపాడు, మళ్ళీ దించాడు. అలా చేస్తూ ఉండగా కోడలు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మళ్ళీ కేంద్రానికి రావడం మొదలుపెట్టాడు. కొంతకాలానికి చెయ్యి భుజం దాకా లేచింది. తువ్వాలు తనే భుజాన వేసుకుంటున్నాడు. వేళ్ళు మాత్రం విచ్చుకోలేదు.

"ఆ మధ్య రాకుండా మానేసిన రోజుల వల్లేనా?" అని రంగులమ్మ డాక్టరమ్మను అడిగింది.

"మొదటి నెలలు ముఖ్యమే. కానీ ఆయన మానకుండా వచ్చినా వేళ్ళు విచ్చుకునేవి కావేమో. నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. అవునంటే ఏడ్చేది, కాదంటే ఊపిరి పీల్చుకునేది. రెండూ కాని ఆ మాట మాత్రం ఆమెకు ఎటూ మింగుడుపడలేదు.

బావ ఆమెతో మామూలుగానే మాట్లాడతాడు. ఇంటికి వస్తే అన్నం తిని వెళ్ళమంటాడు. ఆఫీసులో మాత్రం ఆమె ఏ పని పూర్తయిందన్నా తను వచ్చి కూర్చుని, మొదటినుంచి చివరిదాకా ఆడించి చూసుకుని, అప్పుడు సరే అంటాడు. ఆమె లేచి కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడుతుంది.

పోయిన వారం పెద్దాయన ఒక కోరిక కోరాడు. "పడవ సరే, నీళ్ళలో ఒక్క చేపైనా లేదేంటమ్మా? ఎండిపోయిన చెరువులా ఉంది." ఆమె చేపలు వేసింది. కెమెరా నెమ్మదిస్తోందేమోనని బావ ఒక్కో చేపనూ పెట్టి చూసి, కొన్నిటిని తీయించేశాడు. కొత్త ఆట ఎక్కించడానికి ఆమే వెళ్ళింది. పెద్దాయన చెయ్యి లేపాడు, పడవ సాగింది, దాని కింద నుంచి ఒక ఎర్రచేప చటుక్కున తప్పుకుంది. పక్క కుర్చీలోవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు. రంగులమ్మ తెర వైపు చూడలేదు. గాలిలో ఆగి ఉన్న ఆయన చేతినీ, అరచేతిలోకి ముడుచుకునే ఉన్న వేళ్ళనూ చూస్తూ నిలబడింది.