అడుగు కాయ చూడందే

గురజాలలో మాది మిరపకాయల కొట్టు. ఆ రోజు రంగు పోయిన తాలుకాయల గురించి ఒక రైతుతో పోట్లాడుతుంటే మాట మధ్యలో ఊపిరి అందలేదు. ఆయనే కంగారుపడి, "అక్కా, కూచో, నువ్వన్న రేటుకే ఇస్తా" అన్నాడు. పోట్లాటను నేను సగంలో వదిలేయడం అదే మొదలు.

దగ్గు అంతకుముందు నుంచే ఉంది. మిరప కొట్లో దగ్గనివాళ్లెవరు? ఘాటు అనుకున్నాం. సీజన్ అయిపోయి కొట్టు కడిగించాక కూడా తగ్గకపోతే మా ఆయన గుంటూరు తీసుకెళ్లారు.

సీటీలో కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. బయాప్సీలో కేన్సర్ అని తేలింది. "బీడీ వాసన కూడా పడని దాన్ని, నాకెందుకొచ్చింది?" అని డాక్టరుతోనే దెబ్బలాట పెట్టుకున్నాను. "తాగనివాళ్లకీ వస్తుందమ్మా" అన్నారాయన ఓపికగా.

కేన్సర్ ఉన్నచోట వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో ఆ గడ్డ ఒక్కటే వెలిగింది. సర్జరీకి సిద్ధమైపోయాను. డాక్టరు ఆపారు.

"ఛాతీ మధ్యలో ఒక లింఫ్ నోడ్, అంటే చిన్న గ్రంథి, సీటీలో కాస్త పెద్దగా ఉంది. ఈబస్ చేద్దాం. నోట్లోంచి స్కోప్ పంపి, సూదితో శాంపిల్ తీస్తాం."

"పెట్‌లో వెలగలేదుగా! మళ్లీ గొంతులో గొట్టాలెందుకు?"

"మరీ కొంచెమే ఉంటే పెట్‌కి దొరక్కపోవచ్చు. అక్కడికి పాకిందో లేదో తెలిస్తేనే ట్రీట్‌మెంట్ తేలేది."

నేను ఒప్పుకోలేదు. వరండాలోకొచ్చి మా ఆయన మీద పడ్డాను. కొట్లో నోరెత్తని మనిషి ఆ రోజు ఎత్తారు.

"ఏమే, బస్తా మూతి కాడ కాయ చూసి ఏనాడన్నా సరుకు కొన్నావా? మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ లాగందే ఒప్పుకోవే! ఆయన సూది పెట్టి చూస్తానంటే ఏంది నీ గోల?"

లోపలికెళ్లి సంతకం పెట్టాను.

నోడ్‌లో కేన్సర్ ఉంది. "దొరికింది కాబట్టి ప్లాన్ మారుస్తున్నాం. ముందు కీమో, ఇమ్యూనోథెరపీ. సర్జరీ తర్వాత" అన్నారు. బస్సులో పిడుగురాళ్ల దాకా ఏడ్చాను. పక్కసీటామె మరీ ఆరాలు తీస్తుంటే ఒళ్లు మండి మానేశాను.

కీమోతో జుట్టు రాలింది, నోరు పూసింది. మిరపకాయలమ్మే ఇంట్లో నాకు పెరుగన్నమే గతి. రక్తకణాలు పడిపోయి ఒక డోసు వాయిదా పడింది. చివరికి గడ్డ చిన్నదైంది. ఊపిరితిత్తిలో ఆ భాగాన్నీ నోడ్‌లనూ తీసేశారు.

ఇప్పటిదాకా స్కాన్‌లన్నీ క్లియర్. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది గానీ, పోట్లాటకు సరిపడా ఊపిరి ఉంది. నేను చెప్పేది ఒక్కటే. సర్జరీ ఎప్పుడని అడిగే ముందు, "ఇంకెక్కడా దాక్కోలేదని ఎలా తేల్చుకున్నారు?" అని మీ డాక్టర్ని అడగండి.

ఘాటుకు దూరంగా ఉండమన్నారని కొట్టు బయట కుర్చీ వేసుకున్నాను. బస్తాలో చెయ్యి పెట్టే పని ఇప్పుడు మా ఆయనది. మణికట్టు దాకా పెట్టి ఆగిపోతారు. నేను బయటినుంచే అరుస్తాను: "ఇంకా లోపలికండీ!"